బలపరిచేవాళ్ళెవరు?

మా ఉదయగిరి చర్చిలో ఏ పని జరగాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లేచి ప్రతిపాదించాలి, ఇంకొకరు లేచి బలపరచాలి. తెల్లదొరలు నేర్పిపోయిన పద్ధతి. గోడకు సున్నం కొట్టించాలన్నా, మైకు సెట్టు బాగుచేయించాలన్నా, క్రిస్మస్‌కు బిరియానీ వండాలా పులిహోర కలపాలా అన్నా అదే పద్ధతి. బలపరిచేవాళ్ళు లేకపోతే ఆ మాట అక్కడికక్కడే పడిపోతుంది. దాని మీద చేతులెత్తించడం కూడా ఉండదు.

ఆ ఇద్దరూ ఎవరో అందరికీ తెలుసు. ప్రతిపాదించేది సామ్యేలు చిన్నాయన. రక్తసంబంధం లేదు, చిన్నప్పటినుంచీ అలా పిలుస్తున్నాం, అంతే. సంఘంలో పెద్ద డీకను, అంటే పాస్టరుకు తోడుగా చర్చి పనులు చూసే పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, గొంతులో ఎప్పుడూ ఒక నిదానం. బలపరిచేది మా నాయన వరదయ్య. కుడివైపు రెండో బెంచీ ఆయనది. పాస్టరు "బలపరిచేవాళ్ళు?" అనగానే మోకాలి మీద చెయ్యి ఆనించి సగం లేచి "బలపరస్తుండా" అని కూర్చుంటాడు. దేన్ని బలపరిచాడో సగం సార్లు ఆయనకే తెలియదు. ఒకసారి చర్చి ప్రహరీ పక్కనున్న కానుగ చెట్టు కొట్టేయాలని చిన్నాయన ప్రతిపాదిస్తే నాయన బలపరిచేశాడు. ఆ చెట్టు నాటిందే ఆయన. గొడ్డలి దెబ్బ వినపడ్డాక పరుగెత్తుకుంటూ పోయి, "ఎవర్రా కొట్టమన్నది?" అని అరిచాడు. "నువ్వే" అన్నారందరూ.

ఇన్నాళ్ళూ ఇది మా ఇంట్లో నవ్వుకునే కథ. ఈ ఏడాది నవ్వు పోయింది.

నా పేరు కృపారాణి. ఆత్మకూరులో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. కోపం రావలసిన చోట కూడా రానివాళ్ళను చూస్తే నాకు ఇంకా కోపం. నా చెల్లెలు జెస్సికా అలాంటిదే. ఉదయగిరిలో నాయన దగ్గరే ఉంటుంది. చెక్క స్పూన్లు చేసే చోట పని. వేరేవాళ్ళు చెక్కిన స్పూన్లకు గరుకు కాగితం పట్టి నునుపు చేయడం దాని వంతు. ఇంకో పని కూడా ఉంది దానికి, జీతం లేనిది. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ అందరూ ఒకే రొట్టెలోంచి తలా ఒక ముక్క తినే ఆరాధన. ఆ బల్ల మీదికి రొట్టె చేసేది మా ఇల్లు. మా అమ్మ చేసేది, అమ్మ పోయాక జెస్సికా చేస్తోంది. తెల్లారుజామున లేచి, తలస్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గోధుమపిండి కలుపుతుంది. పులియబెట్టని రొట్టె, మందంగా ఒకటే. అది కాలే వాసన వస్తే నాకు అమ్మ ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది.

పోయిన ఎండాకాలం దాని ముఖాన ఎర్రటి మచ్చ లేచింది. ముక్కు మీదుగా రెండు చెంపలకూ పరుచుకుంది. వసారాలో ఎండకు కూర్చుని పని చేస్తుంది కదా, వేడి చేసిందన్నారు. చందనం పూయమన్నారు. ఉదయగిరిలో మందులిచ్చే ఆయన ఒక ట్యూబు ఇచ్చాడు, తర్వాత ఇంకో ట్యూబు ఇచ్చాడు. ఈలోగా వేళ్ళ కీళ్ళు వాచాయి, దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. నేను సెలవు పెట్టి, దాన్ని బస్సెక్కించుకుని నెల్లూరు తీసుకుపోయాను. కీళ్ళ జబ్బుల డాక్టరు పరీక్షలన్నీ చేయించి లూపస్ అన్నాడు. మన ఒంటిని కాపాడాల్సిన కణాలే మన ఒంటి మీద పడే జబ్బు.

నేను జువాలజీ మేడాన్నని తెలిసి ఆయన కాస్త వివరంగా చెప్పాడు. రక్తంలో టి కణాలుంటాయి. అవి చదువుకునే బడి రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథి. తన ఒంటినే శత్రువు అనుకునే కణాలను చాలావరకు ఆ బడిలోనే చంపేస్తారు. అయినా కొన్ని తప్పించుకుని బయటికొస్తాయి. అందరిలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి. మరి అవి మనల్ని ఎందుకు తినెయ్యవు? ఒక్క సంకేతంతో వాటికి పని మొదలుపెట్టే అధికారం లేదు కాబట్టి. టి కణం ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం మొదటి సంకేతం. దాన్ని పట్టుకొచ్చి చూపించిన కణం, "అవును, ఇక్కడ ప్రమాదముంది" అని రెండో సంకేతం కూడా ఇవ్వాలి. ఆ రెండోది రాకపోతే టి కణం మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత కదిలించినా అంత సులభంగా లేవదు. వీటికి తోడు బ్రేకు వేసే సంకేతాలు వేరే, తొందరపడే కణాలకు సర్దిచెప్పి కూర్చోబెట్టే కణాలు వేరే. ఈ ఏర్పాట్లు ఎక్కడో సడలిపోతే లూపస్ లాంటివి వస్తాయి.

జెస్సికా అంతా విని ఒకటే అడిగింది. "అంటుకుంటాదా డాక్టరుగారూ?"

"ఎలా అంటుకుంటుందమ్మా? ఇది నీకూ నీ ఒంటికీ మధ్య గొడవ. ఇంకొకళ్ళకు ఇందులో చోటు లేదు" అన్నాడాయన. మందులు రాసి, ఎండలోకి పోవద్దని గట్టిగా చెప్పి పంపాడు.

చోటు లేదట. మా సంఘం సంగతి ఆ డాక్టరుకేం తెలుసు?

మేము నెల్లూరు నుంచి వచ్చిన వారంలోనే సామ్యేలు చిన్నాయన భార్యను తీసుకుని ప్రార్థన చేయడానికి వచ్చాడు. గడప దాటలేదు. బయటే నిలబడి చేతులు చాచి, దూరం నుంచే ప్రార్థన చేశాడు. జెస్సికా టీ తెచ్చిస్తే ఉపవాసమన్నాడు. ఆ సాయంత్రమే బజారులో ఇరానీ టీ తాగుతూ కనబడ్డాడని నాయన నాతో ఫోనులో చెప్పి, "మరిచిపోయినాడేమోలే" అన్నాడు. ఆ తర్వాత అది పెద్దరోగం, కుష్ఠు అన్న మాట ఎక్కడ పుట్టిందో నేను చెప్పనక్కర్లేదు. ఆదివారం జెస్సికా కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చోవడం మానేశారు.

అంతటితో పోలేదు. రెండు మూడు నెలలు గడిచాక, రాబోయే బల్ల ఆరాధన అయ్యాక జరిగే సంఘ సమావేశంలో చిన్నాయన ఒక ప్రతిపాదన పెడుతున్నాడని తెలిసింది. విశ్వాసుల ఆరోగ్యం దృష్ట్యా ఇకపై రొట్టె బేకరీ నుంచి తేవాలి. సహోదరి జెస్సికా జబ్బు నయమయ్యేవరకు బల్లకు రాకుండా ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోవాలి. విశ్రాంతి! నయమయ్యేవరకట! ఇది మందులతో అణిగి ఉండే జబ్బు కానీ, పూర్తిగా వదిలిపోయే జబ్బు కాదు. అంటే చచ్చేవరకు రావద్దని. ఆ మాట ఎంత మెత్తగా మడతపెట్టి చెప్పాడో చూడండి.

నేను ఫోను చేశాను. "చిన్నాయనా, అది అంటుకునే జబ్బు కాదు. డాక్టరు చెప్పినాడు, నేనూ చెప్తుండాను."

"డాక్టర్లు చెప్తారులేమ్మా. మేము ప్రేమతోనే చెప్తుండాము. బిడ్డకు విశ్రాంతి కావాల గదా."

"ప్రేమ ఉంటే దాని చేతి టీ తాగండి."

ఆయన ఫోను పెట్టేశాడు. పాస్టరు యేసుబాబుకు చేశాను. కుర్రవాడు, మంచివాడే. మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు. "నేనేం చేసేదక్కా, ప్రతిపాదన ఎవరైనా పెట్టొచ్చు. బలపరిచేవాళ్ళు లేకపోతే అదే పడిపోతాది గదా" అని నసిగాడు.

ఆ మాట వినగానే నాకు నాయన గుర్తొచ్చాడు.

సమావేశానికి ముందు రోజు, శనివారం కాలేజీ అవగానే ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరిలో దిగాను. కొండ మీది కోట గోడలకు ఇంకా ఎండ ఉంది. నాయన మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని డాక్టరు చెప్పిందంతా చెప్పాను. మొదటి సంకేతం, రెండో సంకేతం, అన్నీ.

నాయన ఒలవడం ఆపాడు. "అంటే సెకండు చేసేవాడు లేకపోతే ఆ కణం గమ్మున కూర్చుంటాదా?"

"కూర్చుంటాది నాయనా."

"మన మీటింగు మాదిరే ఉండాదే!"

"అదే నేను చెప్పేది. రేపు సామ్యేలు చిన్నాయన లేచి జెస్సికా బల్లకు రాకూడదంటాడు. పాస్టరు బలపరిచేవాళ్ళెవరంటాడు. అప్పుడు నువ్వు లేయకూడదు."

నాయన ముఖం ఎర్రబడింది. "నన్నేమనుకుంటుండావు మే? నా బిడ్డ మీద నేను బలపరస్తానా?"

"కానుగ చెట్టు?"

ఆయన చేతిలోని కాయ పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వొచ్చి నా పక్కన కూర్చో. నేను లేస్తే చొక్కా పట్టుకుని లాగు" అన్నాడు.

జెస్సికా వంటింట్లో పిండి జల్లిస్తూ ఇదంతా వింటోంది. ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంది, ఇంట్లో కూడా. "నా గురించి ఎందుకక్కా ఇంత రభస? వాళ్ళకు భయమైతే వాళ్ళ తప్పేముండాది?" అంది.

"గమ్మునుండు. నువ్విట్టా మాట్లాడబట్టే నెత్తికెక్కినారు" అని దాని మీద కూడా అరిచాను.

మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. ఆ ఆదివారం నేను నేరుగా పోయి కుడివైపు రెండో బెంచీలో, నాయన పక్కన కూర్చున్నాను. వెనకనుంచి గుసగుసలు వినబడ్డాయి. వినబడనీ అనుకున్నాను. అటువైపు జెస్సికా చివరి బెంచీలో ఒక్కతే ఉంది. దాని రొట్టె మాత్రం ముందు బల్ల మీద, తెల్లగుడ్డ కింద ఉంది.

పాస్టరు రొట్టె విరిచాడు. డీకన్లు పళ్ళేలు పట్టుకుని తిరిగారు. అందరూ తలా ఒక ముక్క తీసుకుని చేతిలో పట్టుకున్నారు. "తీసుకుని తినండి" అనగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మూసుకుందామనే అనుకున్నాను, కోపం మూసుకోనివ్వలేదు. అందుకే చూశాను. సామ్యేలు చిన్నాయన చెయ్యి నోటిదాకా పోయింది. అక్కడినుంచి మెల్లగా కిందికి దిగి, చొక్కా జేబులోకి పోయింది. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఆ తర్వాత చేసిన పని ఉందే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు. నోట్లో ఏమీ లేకుండా, భక్తిగా, నిదానంగా, ఖాళీ నోరు నమిలి మింగాడు.

ఆశీర్వాదం అయింది. సమావేశం మొదలైంది. చిన్నాయన లేచి గొంతు సవరించుకున్నాడు. విశ్వాసుల ఆరోగ్యం దృష్ట్యా అన్నాడు. సహోదరి అన్నాడు. విశ్రాంతి అన్నాడు. నేను ఎడమవైపు చూడలేదు. నా చెయ్యి నాయన చొక్కా అంచు మీద ఉంది.

"బలపరిచేవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు పాస్టరు.

నాయన చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది. నేను చొక్కా పట్టుకున్నాను. లాగే పని లేకపోయింది. ఆయన ఆ చెయ్యి తీసి బెంచీ అంచును గట్టిగా పట్టుకున్నాడు, గోళ్ళు తెల్లబడేలా. లేవలేదు. పాస్టరు మా బెంచీ వైపు చూశాడు. చిన్నాయన చూశాడు. చర్చి అంతా చూసింది. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పాస్టరు మళ్ళీ అడిగాడు. ఎవరూ లేవలేదు. గెలిచామనుకున్నాను. లోపల ఎంత సంతోషమేసిందో! నాయన చెయ్యి పట్టుకుని నొక్కాను.

"నేను బలపరుస్తున్నాను."

ఆడవాళ్ళ వైపునుంచి, చివరి బెంచీలోంచి వచ్చింది ఆ మాట. జెస్సికా నిలబడి ఉంది. చున్నీలోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నావల్ల ఎవరికీ ఇబ్బంది వద్దు పాస్టరుగారూ. నేనే బలపరుస్తున్నాను" అని కూర్చుంది.

నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. దాని మీద కాదు. నెలల తరబడి గడప బయట నిలబడి, బెంచీ వదిలేసి, ప్రేమ ప్రేమ అంటూ, చివరికి దాని నోటితోనే దాన్ని వద్దనిపించారు. దాని ఒంట్లో కణాలు చేస్తున్నది చాలదని, దాని మనసుకు కూడా అదే నేర్పించారు. అంతమంది కూర్చుని ఉన్నారు. ఒక్కరన్నా, "ఏందమ్మా ఆ మాట" అన్నారా? పైగా కొందరి ముఖాల్లో హమ్మయ్య అనుకోవడం కనబడింది. వాళ్ళ పని జెస్సికానే చేసి పెట్టింది మరి.

"అయితే... అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులు..." అని పాస్టరు మొదలుపెట్టాడు.

నేను లేచాను. "రొట్టె తిననోళ్ళు ఓటేయొచ్చా పాస్టరుగారూ? సామ్యేలు చిన్నాయన తినలేదు. ఆయన జేబులో ఉండాది, చూడండి!"

చిన్నాయన చెయ్యి చటుక్కున జేబు మీదికి పోయింది. ఇంకొకరు చూడాల్సిన పని లేకుండా ఆ చెయ్యే చెప్పేసింది.

అప్పుడు నాయన లేచాడు. సగం కాదు, పూర్తిగా. ఆ చర్చిలో ఆయన నోటినుంచి బలపరస్తుండా అన్న మాట తప్ప ఇంకో మాట ఎవరూ విని ఉండరు. నడిచి చిన్నాయన ముందుకు పోయాడు.

"తీయ్ రా సామ్యేలూ."

"వరదయ్యా, అది ఇంటికి పోయి ప్రార్థన చేసుకుని తిందామని..."

"ఇప్పుడు తిను. తిన్నాక చేతులెత్తిద్దాం. దీన్ని నేను ప్రతిపాదిస్తుండా, నేనే బలపరస్తుండా."

చిన్నాయన జేబులోంచి ముక్క తీశాడు. రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు. తింటాడనుకున్నాను, సిగ్గుకైనా తింటాడనుకున్నాను. తినలేదు. దాన్ని తీసుకుపోయి బల్ల మీద ఖాళీ పళ్ళెంలో పెట్టాడు. పెట్టి, జేబురుమాలు తీసి, ఆ రెండు వేళ్ళూ తుడుచుకున్నాడు.

ఆ తుడుచుకోవడం జెస్సికా చూసింది.

అది వెనకనుంచి నడిచి వచ్చింది. వస్తూ వస్తూ చున్నీ తీసేసింది. ఎర్రటి చెంపలు, పలచబడిన జుట్టు, అందరి ముందూ. పళ్ళెంలో ముక్క తీసుకుంది. దానికి జేబులోని నూలుపోగు అంటుకుని ఉంటే గోటితో తీసేసింది. నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగింది. తర్వాత చిన్నాయన వైపు తిరిగింది.

"మీకు భయమనుకున్నా చిన్నాయనా. భయపడితే తప్పు కాదు, పాపం తెలియక భయపడతారు, అందుకే లేచి ఆ మాటన్నా. మీది భయం కాదు. ఖాళీ నోరు నమిలినారు. నా రొట్టె పట్టుకున్నందుకు వేళ్ళు తుడుచుకున్నారు. అమ్మ చేసినప్పుడు తుడుచుకున్నారా?"

చిన్నాయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాస్టరుగారూ, నేను బలపరిచింది వాపసు తీసుకుంటుండా" అంది. పాస్టరు అడగాల్సిన మాట తనే అడిగింది, సంఘం వైపు తిరిగి. "ఇంకెవరన్నా బలపరస్తారా?"

ఒక్కొక్క బెంచీనీ చూసింది. చూసినచోటల్లా తలలు దిగిపోయాయి.

"బలపరిచేవాళ్ళు లేనందువల్ల ప్రతిపాదన పడిపోయింది" అన్నాడు యేసుబాబు. ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు, పోనీలే.

గేటు దగ్గర ఒకామె నా చెయ్యి పట్టుకుని, "దేవుని కృప, కృపారాణీ, గొడవ లేకుండా పోయింది" అంది. చెయ్యి విడిపించుకున్నాను. గొడవ లేకపోవడమేంటి? ఒక్కరన్నా లేచి ఇది తప్పన్నారా? దాని పక్కన కూర్చుంటానన్నారా? గమ్మున ఉన్నారు, అంతే. దాన్నే ప్రేమనుకోమంటున్నారు. మొద్దుబారిన కణం చచ్చిపోదు. అక్కడే ఉంటుంది, రక్తంలోనే తిరుగుతుంటుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఇంటికి పోతూ నాయన, "నేను లేయలేదు చూసినావా?" అన్నాడు జెస్సికాతో, చిన్నపిల్లవాడిలా. అది నవ్వింది. నీడ పట్టున నడవమని నేను గొడుగు విప్పాను.

వచ్చే నెల రొట్టె కూడా జెస్సికానే చేస్తుంది. నేను కూడా వస్తాను. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను మూసుకోను. ఎవరి నోరు రొట్టె నములుతుందో, ఎవరిది ఖాళీగా నములుతుందో చూస్తూ కూర్చుంటాను.